వాయిదా తప్పిన యిల్లు



ఈ మాసము మేము పిల్లల పోషణమును, పచ్చళ్ల సంగతిని పక్కన బెట్టి, కోర్టు వాయిదాను గూర్చి వ్రాయ దలంచితిమి. అది మగవారి వ్యవహారము, మనకేల యని మీలో కొందరు ఈ పుటను త్రిప్పివేయుదురేమో. త్రిప్పవద్దని మా మనవి. బెయిలు మీద నున్న మగవాడు వాయిదాకు పోక యెక్కడనో యుండిపోయినచో, ఆ మరునాటి నుండి తలుపు తీసి వచ్చినవారికి సమాధానము చెప్పవలసినది ఇంటనున్న ఇల్లాలే. అంతే కాదు. జామీను కాగితము మీద పడిన వేలిముద్ర కూడ అనేక సమయములందు ఆ యింటి ఆడువారిదే.

మమ్ము ఈ విషయమునకు పురికొల్పినది పుట్టపర్తి చేరువ పల్లెలో నున్న ఒక ఇల్లాలు. ఆమె పేరును, ఊరి పేరును చెప్పము. ఆ సీమ నెరుగని సోదరీమణులకు మాత్రము రెండు మాటలు చెప్పవలెను. పుట్టపర్తి చిత్రావతి యొడ్డుననున్న ఊరు. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణము. అంతకు ముందు అనంతపురము జిల్లాలోనిది. ప్రశాంతి నిలయము మూలమున దేశదేశముల వారికిని తెలిసినది. గాని చుట్టుపట్ల పల్లెవారు తమ ఊరిని గూర్చి చెప్పునప్పుడు వానతోనే మొదలు పెట్టుదురు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియైనను వేరుసెనగ ఊడలు దిగునప్పుడు రాదు, కాయ యెండునప్పుడు వచ్చును. చిత్రావతిలో నీటికంటె ఇసుక కనబడు దినములే యెక్కువ. పంట పోయిన యేడు మగవారు మూట కట్టుకొని బెంగుళూరు రైలెక్కుదురు. కదిరి వైపు వారు కేరళమునకు గూడ పోవుదురు. ఇంట మిగులువారు ముసలివారు, పిల్లలు, ఆడువారు.

మేము చెప్పిన ఇల్లాలి పెనిమిటి మీద రెండేండ్ల క్రిందట చేని గట్టు దగ్గర దాయాదులతో వచ్చిన తగవులో కేసు పడినది. పదివేల రూపాయల చొప్పున ఇద్దరు జామీనుదారులను చూపుమని చెప్పి కోర్టువారు బెయిలిచ్చిరి. ఒకరు మేనమామ. రెండవవారు ఎవరును ముందుకు రాకపోగా, ఇల్లాలి తల్లియే జామీను పడినది. ఆ ముసలామె పేర మూడెకరముల మెట్ట చేను కలదు. పట్టాదారు పాసుపుస్తకమును గుడ్డలో చుట్టుకొని, బస్సెక్కి, కోర్టుకు పోయి, చెప్పిన చోట వేలిముద్ర వేసి వచ్చినది. తాను వేసిన ముద్ర ఏమి మాట యిచ్చుచున్నదో ఆమెకు చదివి వినిపించినవారు లేరు.

మొదటి యేడు అతడు వాయిదాలన్నిటికిని పోయినాడు. రెండవ యేడు చేను బీడు పడినది. బెంగుళూరిలో ఒక మేస్త్రీ దగ్గర సెంట్రింగు పనిలో చేరినాడు. వాయిదా ఒక మంగళవారము వచ్చినది. ఆ దినమే మిద్దెకు శ్లాబు వేయుట. పోయినచో వారపు కూలి నిలిపి వేయుదునని మేస్త్రీ చెప్పినాడట. ఒక్క వాయిదాకు ఏమగును లెమ్మని అతడనుకొనెను. వకీలునకు ఒక్క ఫోను చేయవలెనని ఆలుమగలలో ఇద్దరికిని తోచలేదు. మరుసటి వాయిదాకు పోవుటకు భయము. ఆ పై వాయిదాకు మరింత భయము. మూడు వాయిదాలు ఇట్లు జరిగిపోయిన పిమ్మట ఒక యుదయమున కానిస్టేబులు వచ్చి వారంటున్నదని చెప్పి పోయినాడు. మరి పది దినములకు తల్లి పేర కోర్టు నోటీసు వచ్చినది. అప్పుడామె మమ్మడిగిన మాట యొక్కటే. “మాయమ్మ చేను పోతుందా అక్కా?”

ఆ ప్రశ్నకు ఔననియు కాదనియు ఒక్కమాటలో చెప్పుటకు వీలు లేదు. కొంచెము వెనుకకు పోయి చెప్పవలెను.

బెయిలనగా కేసు కొట్టివేయబడినదని అర్థము కాదు. పిలిచిన దినమున కోర్టు ముందు నిలిచెదనని ముద్దాయి వ్రాసియిచ్చిన ముచ్చలిక మీద అతనిని బయట నుండనిచ్చుట మాత్రమే. అతడు రానిచో ఇంత సొమ్ము చెల్లింతునని జామీనుదారు వ్రాసియిచ్చును. 1977లో ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన ఒక కేసులో సుప్రీముకోర్టు న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు గారు బెయిలును గూర్చి విపులముగా చర్చించిరి. ముద్దాయి విచారణకు వచ్చి నిలుచునా నిలువడా యనునది బెయిలు విషయమున చూడవలసిన ముఖ్యమైన ప్రశ్న యని అందు తేలినది. కావున వాయిదా తప్పుటయనగా ఏదో చిన్న మరపు కాదు. ఏ నమ్మకము మీద మనిషిని బయటికి వదలిరో ఆ నమ్మకమే పోవుట.

ఐనను వాయిదా నాడు రాలేకపోవుట మానవమాత్రులకు సహజమే యని చట్టమునకును తెలియును. జ్వరము రావచ్చును, ఇంట చావు సంభవింపవచ్చును, రైలు తప్పవచ్చును. అట్టి దినమున వకీలు ఒక గైర్హాజరు పిటిషను వేసి, కారణము చెప్పి, ఆ దినమునకు మన్నింపు కోరవచ్చును. పాత స్మృతిలో అది 317వ సెక్షను. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 355వ సెక్షను. మేజిస్ట్రేటు ఒప్పుకొనవలెనని నిర్బంధము లేదు గాని, కోర్టు పిలుపునకు పలికినవారొకరుందురు. మన ఇల్లాలి పెనిమిటి చేయని పని యిదియే. పేరు పిలిచిరి, ముద్దాయియు పలుకలేదు, అతని తరపున వకీలును పలుకలేదు.

పలుకనిచో ఏమగును? వారంటు పుట్టును. సాధారణముగా మొదట సమను, పిదప బెయిలబుల్ వారంటు, అది కూడ పని చేయనప్పుడు నాన్‌బెయిలబుల్ వారంటు జారీ చేయుట మంచిదని 2007లో సుప్రీముకోర్టు చెప్పియున్నది. గాని బెయిలు మీద నుండి వాయిదాలు వరుసగా ఎగవేసినవానికి ఈ మెట్లన్నియు దొరకునని నమ్ముకొనరాదు. ఇంకొక సంగతిని మీరు గట్టిగా గుర్తుంచుకొనవలెను. వారంటునకు వయసు మీరదు. కోర్టు రద్దు చేయువరకో, పోలీసులు దానిని అమలు జరుపువరకో అది బ్రతికియే యుండును. బెంగుళూరులో నాలుగేండ్లు కనబడక తిరిగి, అంతయు చల్లారినదనుకొని చెల్లెలి పెండ్లికి ఊరు వచ్చినవానిని పందిరి లోనుండి పట్టుకొని పోవుటకు గూడ ఆ పాత కాగితము చాలును.

ఈ విషయమున గొప్పవారు కొద్దివారు అను భేదము కాగితము మీద లేదు. గోదావరి మీది బాబ్లీ ఆనకట్టను గూర్చి 2010లో జరిగిన ఆందోళన కేసులో హాజరు కాలేదని, 2018 సెప్టెంబరులో మహారాష్ట్రములోని ధర్మాబాదు కోర్టు అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారి మీదను, మరి కొందరి మీదను నాన్‌బెయిలబుల్ వారంటు జారీ చేసినది. అది బెయిలు తప్పిన కేసు కాదు; రాజకీయమైన ఆందోళన కేసు. ఐనను ముఖ్యమంత్రి పేర సైతము వారంటు వచ్చుననుటకు చెప్పితిమి. భేదమంతయు ఆ తరువాత కనబడును. పెద్దవారి తరపున మరునాడే వకీళ్లు కోర్టులో నిలుతురు. సెంట్రింగు కూలివాని తరపున నిలుచువారెవరు?

వాయిదా తప్పుట దానంతట అదియే వేరొక నేరమని మీలో చాలమందికి తెలియదు. పూర్వము ముచ్చలిక సొమ్ము పోవుటతో సరిపోయెడిది. 2006 జూన్ 23వ తేదీ నుండి శిక్షాస్మృతిలో 229-ఏ అను కొత్త సెక్షను అమలులోనికి వచ్చినది. అదియే నేటి భారతీయ న్యాయ సంహితలో 269వ సెక్షను. బెయిలు మీద విడుదలయైనవాడు తగిన కారణము లేక కోర్టుకు రానిచో ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కారణము తగినదే యని రుజువు చేయు భారము రానివాని మీదనే యున్నది. అసలు కేసులో నిర్దోషి యగువాడు గూడ ఈ కొసరు కేసులో దోషి కావచ్చును.

ఇంకను దాగియున్నచో ప్రకటన వచ్చును. ముప్పది దినములకు తక్కువ గాని గడువిచ్చి, ఫలాని దినమున హాజరు కావలెనని కోర్టు ప్రకటించును. ఆ ప్రకటనను అతడు మామూలుగా కాపురముండు ఊరిలో నలుగురు చూచు చోట చదువుదురు, ఇంటికి అంటింతురు, కోర్టు గోడకు అంటింతురు. పుట్టపర్తి పల్లెలో మగడు లేని యింటి తలుపు మీద అట్టి కాగితము అంటియుండగా, ఆ తలుపు తీసి ప్రొద్దున నీళ్లకు పోవలసిన ఇల్లాలి సంగతి మేము వేరుగ వర్ణింప నక్కరలేదు. ప్రకటనకును రానివాని ఆస్తి జప్తు కావచ్చును. అట్లు రాకుండుటయు శిక్షింపదగిన నేరమే.

పోలీసులు వచ్చి, మగడు దొరకలేదు గనుక నీవు స్టేషనుకు రమ్మని పిలిచిరని కొందరు మాతో చెప్పిరి. భర్తకు బదులుగా భార్యను పట్టుకొనుటకు ఏ చట్టమును అధికారమీయలేదు. సాక్ష్యము కొరకైనను ఆడుదానిని ఆమె నివసించు చోటనే ప్రశ్నింపవలెను గాని స్టేషనుకు రమ్మని నిర్బంధింపరాదు. ఇది తెలిసి, మర్యాదగానే, గడప లోపలనుండి చెప్పవచ్చును.

కోర్టు కాగితము ఇంటికి వచ్చినప్పుడు తీసికొనువారెవరను విషయమున ఒక విశేషము జరిగినది. పత్రికలలో దానిని గూర్చి తగినంత వ్రాయలేదని మా యభిప్రాయము. ముద్దాయి ఇంట దొరకనప్పుడు సమనును అతని కుటుంబములోని వయసు వచ్చిన మగవాని చేతికీయవలెనని 1898 నాటి స్మృతిలో నుండెను. 1973 నాటి దానిలోను అట్లే యుండెను. ఇంట పట్టపరీక్షలిచ్చిన కోడలున్నను, అక్షరము రాని మరిది వచ్చువరకు బంట్రోతు అరుగు మీద కూర్చుండవలసినదే! 2024 జూలై 1వ తేదీ నుండి ఆ “మగ” అను మాట తీసివేయబడినది. కుటుంబములో వయసు వచ్చినవారెవరికైనను ఈయవచ్చును. కావున ఇకమీదట ఆ కాగితము మీ చేతికే రావచ్చును. తీసికొని దేవుని పటము వెనుక దోపి, ఆయన వచ్చిన పిదప చూచుకొనునని యూరకుండుటకు వీలు లేదు. తీసికొన్న దినమునే తేదీ చదివి, మగవానికి ఫోనులో చెప్పి, వకీలునకు చెప్పవలెను. కేసు సంఖ్య యున్నచో తరువాతి వాయిదా యెన్నడో ఈకోర్ట్స్ అను యాప్‌లో ఎవరైనను చూచుకొనవచ్చును. ఇంట చదువుకొను పిల్లలు రెండు నిమిషములలో చూచి చెప్పుదురు.

ఇక తల్లి చేని సంగతి.

ఆ ముసలామె పాసుపుస్తకము చూపినంత మాత్రమున చేనును కుదువబెట్టినట్లు కాదు. తాను సొమ్ము చెల్లింపగలదని నమ్మించుటకు చూపినదంతే. ఆమె బాధ్యత ముచ్చలికలో వ్రాసిన పదివేల రూపాయల మట్టునకే; చేని ధర యంతటికిని కాదు. ఆ పదివేలైనను కోర్టు ఊరక లాగుకొనదు. ముచ్చలిక తప్పినదని నమోదు చేసి, సొమ్ము కట్టుమనియో, ఎందుకు కట్టనక్కరలేదో చెప్పుమనియో నోటీసు పంపును. ఆమెకు వచ్చినది ఆ నోటీసే. సమాధానము చెప్పుకొనుటకు ఇచ్చిన అవకాశమది. సమాధానము విని కారణములు వ్రాసి సొమ్ములో కొంత భాగమును తగ్గించు అధికారము కోర్టునకు కలదు. నోటీసును చూచి భయపడి మూలబెట్టినచో మాత్రము త్రోవ మారును. ఆ సొమ్మును జరిమానా వలెనే వసూలు చేయుదురు. చరాస్తిని జప్తు చేసి అమ్మవచ్చును. లేదా కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయి వలె రాబట్టవచ్చును. చేను చిక్కునబడునది అక్కడ. ఏ విధముగను వసూలు కానిచో జామీనుదారును ఆరు నెలల వరకు సివిలు జైలులో నుంచవచ్చునని గూడ చట్టములో నున్నది. కావున మేమామెకు చెప్పిన జవాబు: నోటీసు దినమున మీ యమ్మ కోర్టుకు పోయినచో చేను పోదు, పోకున్నచో ఏమగునో మేము చెప్పజాలము.

జామీను పడినవారు జీవితాంతము కట్టుబడి యుండవలెనను భ్రమ యొకటి మన ఆడువారిలో కలదు. అల్లుని నడవడి నచ్చకున్నను, అతడు కనబడకున్నను, ముందుగానే కోర్టునకు దరఖాస్తు పెట్టుకొని జామీను నుండి తప్పుకొనవచ్చును. అప్పుడు కోర్టు అతనిని రప్పించి వేరొక జామీను చూపుమనును. ముచ్చలిక తప్పక మునుపే జామీనుదారు మరణించినచో వారి యాస్తికి ఆ బాధ్యత యుండదు. జామీను పడుటకు ముందు, ఎంత సొమ్మునకు, ఏ కేసులో, ఏ కోర్టులో అని అడిగి వ్రాసి పెట్టుకొనుడు. ఇట్లడిగినచో అల్లుడేమనుకొనునో యని మొగమాటపడు తల్లులను మేము చాలమందిని చూచితిమి.

బీదవారికి జామీను దొరకుట యెంత కష్టమో న్యాయస్థానములకు తెలియకపోలేదు. 1978లో మధ్యప్రదేశములోని ఒక తాపీపనివానిని పదివేల రూపాయలకు జామీను తెమ్మనిరి. అతని అన్నదమ్ముడు ముందుకు రాగా, ఆస్తి వేరొక జిల్లాలోనున్నదని త్రోసివేసిరి. సుప్రీముకోర్టు అది తగదని చెప్పి, వేయి రూపాయల సొంత ముచ్చలిక మీద అతనిని విడువుమనినది. 2023 జనవరి 31వ తేదీన అదే కోర్టు, స్థానికుడే జామీను పడవలెనను నిర్బంధము వలన విడుదల ఆలస్యమగుచున్నదనియు, అట్టి నిర్బంధము పెట్టకుండుట మంచిదనియు సూచించినది. అదే పదివేలు! నలువదేండ్లకు పైగా గడచినను పల్లెలో ఆ సొమ్మునకు నిలుచు మనిషిని వెదకుట సులభము కాలేదు. ఒక్కసారి వాయిదా తప్పినచో మరింత కష్టము. పాత ముచ్చలిక రద్దగును; తగిన కారణము చూపనిచో సొంత ముచ్చలిక మీద మాత్రమే విడువరు; మరల జామీనుదారులు కావలెను. ఒకసారి నోటీసు తిన్నవారు రెండవసారి వత్తురా?

ఇట్టి స్థితిలో చేయదగిన పని యొక్కటే మాకు తోచినది. పోలీసులు పట్టుకొని పోకముందే అతడు తనంతట తాను కోర్టునకు పోయి నిలుచుట. వకీలు ద్వారా వారంటు రద్దు పిటిషను వేసి, రాలేకపోయిన కారణమును, దొరికినంత ఆధారముతో చెప్పుట. వకీలునకు ఇచ్చుటకు డబ్బు లేదనవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు సహాయము దొరకును. షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, నిర్బంధములోనున్నవారికిని అట్లే. కోర్టు ఆవరణలలోనే న్యాయసేవా సంఘములున్నవి. 15100 అను నంబరునకు ఫోను చేసినను దారి చెప్పుదురు. తల్లి నోటీసునకు సమాధానము చెప్పుటకు ఆమెయే, స్త్రీగా, ఈ సహాయము పొందవచ్చునని చెప్పగా ఇల్లాలికి నమ్మకము కలుగలేదు. జామీను పడిన ముసలిదానికి గూడ వకీలునిత్తురా యని రెండుసార్లు అడిగినది.

ఇత్తురు, ఇచ్చిరి. పెనిమిటి రాత్రి రైలునకు దిగి, ప్రొద్దుననే కోర్టుకు పోయినాడు. శ్లాబు వేయుట తగిన కారణము కాదని తేలినది. ఐనను తనంతట తాను వచ్చినాడు గనుక వారంటు రద్దు చేసి, కొత్త జామీనుదారులను చూపుమనిరి. చూపువరకు నాలుగు దినములు సబ్‌జైలులో నుండవలసి వచ్చినది. తల్లి మీది పదివేలలో ఎనిమిది వేలు తగ్గించి రెండు వేలు కట్టుమనిరి. పొదుపు సంఘములో అప్పు తీసి కట్టినారు. చేను మిగిలినది.

కొత్త జామీనునకు మేనమామ రానని చెప్పినాడు. మరల ముసలామె దగ్గరకే పోవలసి వచ్చినది. ఆమె చాల సేపు మాటాడలేదట. పిదప పాసుపుస్తకము తీసి, అల్లుని వైపు చూడక, కూతురితో, “ఈ తూరి తేదీలు నువ్వు రాసి పెట్టుకుంటానంటేనే యేలు ముద్రేస్తా” అనినదట.

ఇప్పుడా యింటి గోడ మీది క్యాలెండరులో గ్యాసు బండ వచ్చిన తేదీ క్రింద, సంఘము కంతు తేదీ పక్కన, వాయిదా తేదీ చుట్టును ఎర్ర పెన్సిలుతో గీత గీయబడియున్నది. దానికి రెండు దినముల ముందర ఇంకొక చిన్న గీత కలదు. అది బెంగుళూరికి ఫోను చేయవలసిన దినము.